నీళ్లలో దూకితే ఎముకకు తెలుస్తుందా?

మోకాలి గుజ్జు అరిగిపోయిందని విన్న అరవై ఏళ్ల ఆవిడకు ఇంటి పక్కవాళ్లు, ఫిజియోథెరపిస్టు, అమెరికాలో ఉన్న కూతురు ఇచ్చే సలహా ఈ రోజుల్లో ఒకటే: నీళ్లలో వ్యాయామం చెయ్యమని. ఈత రానక్కర్లేదు. గుండె లోతు నీళ్లలో నిలబడి నడవడం, కాళ్లు విసరడం, గెంతడం, అంతే. ఉప్పల్, నాచారం వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో స్విమ్మింగ్ పూల్స్ వచ్చాక ఈ సలహా పాటించడం మునుపటంత కష్టమూ కాదు. మోకాలికి ఇది మంచిదేనని ఒప్పుకోవడానికి పెద్ద ఆలోచన అవసరం లేదు. నీళ్లలో దిగిన కాసేపటికే అడుగు తేలిగ్గా పడుతుంది, ఆ సంగతి వాళ్లే చెబుతారు. చిక్కంతా ఎముక దగ్గర వస్తుంది.

ఎముక బరువు మోస్తేనే బలపడుతుంది. నీళ్లు చేసే మొట్టమొదటి పని ఆ బరువును తీసెయ్యడం. అంతరిక్షంలో నెలల తరబడి ఉన్న వ్యోమగాముల తుంటి ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా పలచబడతాయి. రోజూ గంటలకొద్దీ ఈదే పోటీ ఈతగాళ్ల ఎముకలు వాలీబాల్ ఆడేవాళ్ల ఎముకలంత దిట్టంగా ఉండవని ఎన్నో కొలతల్లో తేలింది. అలాంటప్పుడు ముట్లుడిగి, ఎముక గుల్లబారే వయసులో ఉన్న ఆడవాళ్లను తీసుకెళ్లి బరువు తెలియని చోట నిలబెట్టడం ఏం తెలివి? నిజంగా తెలివే. అయితే ఆ తెలివి మెల్లగా కనిపిస్తుంది. ముప్పావుగంట పనిని ఎవరు ఎలా పేర్చారన్నదాన్ని విడివిడిగా చూస్తూ పోవాలి.

ఈ ప్రశ్న అడగడానికి ఉప్పల్ ప్రాంతం తగిన చోటే. రింగురోడ్డు నుంచి తార్నాక వైపు వస్తే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ దాటి, హబ్సిగూడ మీదుగా, జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థకు చేరతాం. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలైన సంస్థ అది. 1950ల చివర్లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు తక్కువ ఆదాయపు కుటుంబాల్లో 30 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 289 మంది ఆడవాళ్ల ఎముకలను కొలిచి 2005లో వివరాలు ప్రచురించారు. వాళ్ల తిండిలో కాల్షియం రోజుకు సగటున 270 మిల్లీగ్రాములు మాత్రమే. తుంటిలో, నడుములో ఎముక సాంద్రత సంపన్న దేశాల ఆడవాళ్ల కొలతలకంటే చాలా కింద ఉంది. అలాంటి ఇళ్లలో ఆడవాళ్లకు నీళ్ల బిందెలు, గంపలు, పసిపిల్లలు, ఏదో ఒక బరువు మొయ్యక తప్పదు. మోతకు లోటు లేదు, ముడిసరుకుకే లోటు. ఈ మాట ఇక్కడే చెప్పి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత వచ్చే వ్యాయామపు పనితనం ఎంత గొప్పదైనా, కడుపులో పడని సున్నాన్ని అది పుట్టించలేదు.

ఇప్పుడు ఎముక సంగతి. తొడ ఎముక పై కొనను నిలువునా కోసిన బొమ్మ ఒకటి చూడండి. తుంటి గిన్నెలో కూర్చునే గుండ్రని తల, దాన్ని మోసే వాలు మెడ, మెడ మొదట్లో బయటివైపు పొడుచుకొచ్చిన పెద్ద బుడిపె. నడుముకు కొంచెం కింద, పక్కగా చేత్తో ఒత్తితే గట్టిగా తగిలేది ఆ బుడిపే. దాన్ని ట్రోకాంటర్ అంటారు. పైన దట్టమైన పెంకు, లోపల సన్నటి ఎముక పలకలు, కమ్మీలు. ఆ కమ్మీలు అడ్డదిడ్డంగా ఉండవు. మెడ లోపలి అంచు నుంచి తల పైకి ఒక వరస లేస్తుంది, అది నొక్కుడును మోస్తుంది. బయటి అంచు నుంచి ఇంకో వరస విల్లు వంపు తిరిగి మొదటి వరసను దాటుతుంది, అది సాగుడును మోస్తుంది. 1866లో జ్యూరిక్‌లో కార్ల్ కుల్మన్ అనే ఇంజినీరు ఈ బొమ్మను చూసి ఆశ్చర్యపోయాడు. తాను క్రేన్లలో బలం ఏ దారుల్లో నడుస్తుందో లెక్కగట్టి గీసిన గీతలూ, శరీర నిర్మాణ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మేయర్ గీసిన ఎముక కమ్మీలూ దాదాపు ఒకే తీరులో ఉన్నాయి. మోత ఎటు పడితే ఎముక అటు అల్లుకుంటుందని జూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకమే రాశాడు.

ఆ అల్లిక ఒకసారి పూర్తయి ఆగేది కాదు. ఎముకలో తవ్వే కూలీలు వేరు, కట్టే మేస్త్రీలు వేరు. తవ్వే కణాలు, అంటే ఆస్టియోక్లాస్టులు, ఒకచోట చేరి మూడు వారాల్లో ఒక గుంట తీస్తాయి. కట్టే కణాలు, అంటే ఆస్టియోబ్లాస్టులు, దాన్ని పూడ్చి గట్టిపరచడానికి మూడు, నాలుగు నెలలు తీసుకుంటాయి. ఏడాదికి అస్థిపంజరంలో పదో వంతు ఇలా కొత్తదవుతుంది. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది, తవ్వే పని పెరుగుతుంది, కట్టే పని దాన్ని అందుకోలేదు. కమ్మీ సన్నబడినంత కాలం మళ్లీ పూత వెయ్యొచ్చు. నడిమికి తెగిపోయిన కమ్మీని మాత్రం మేస్త్రీలు వెతికి అతకలేరు. అందుకే ఈ వయసులో ఎముక సాంద్రత పెరగకపోయినా, తగ్గకుండా నిలవడమే పెద్ద లాభం. తర్వాత వచ్చే అంకెలను చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మరి ఎక్కడ కట్టాలో మేస్త్రీలకు చెప్పేదెవరు? గట్టి ఎముక లోపల చిక్కుకుని బతికే ఆస్టియోసైట్లు. మనిషి అస్థిపంజరంలో ఇవి సుమారు 4,200 కోట్లు ఉంటాయని అంచనా. ఒక్కో కణం నుంచి వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నటి పోగులు బయల్దేరి, అంతే సన్నటి కాలువల్లోంచి పక్క కణాలను తాకుతాయి. పోగుకూ కాలువ గోడకూ మధ్య నీరు ఉంటుంది. కాలు నేలకు తగిలి ఎముక రవ్వంత వంగినప్పుడు, నొక్కుకున్న వైపు నుంచి సాగిన వైపుకు ఆ నీరు జరుగుతుంది. ఆ ఒరుపు పోగుకు తెలుస్తుంది. కణం వెంటనే స్క్లెరోస్టిన్ అనే పదార్థాన్ని విడవడం తగ్గిస్తుంది. కట్టుడు పనికి బ్రేకు స్క్లెరోస్టినే. అది తగ్గితే మేస్త్రీలు కదులుతారు. అంటే ఎముక లోపల కూడా కబురు మోసేది నీళ్లే. బయటి నీళ్లతో ఆ లోపలి నీళ్లను కదిలించగలమా అన్నదే అసలు పరీక్ష.

లోపలి నీళ్లకు కొన్ని పట్టింపులున్నాయి. బరువు పెట్టి ఊరుకుంటే అవి కదలవు. పెట్టడం, తియ్యడం, మళ్లీ పెట్టడం కావాలి, అదీ చురుగ్గా. గంటసేపు కదలకుండా నిలబడటం కంటే పది గెంతులు నయం. ఎన్ని గెంతులు అన్నదానికి క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ 1984లో కోళ్ల రెక్క ఎముక మీద చేసిన ప్రయోగం ఇప్పటికీ చెప్పుకుంటారు. రోజుకు 36 సార్లు మోత పెడితే ఎముక పెరిగింది. వందలు, వేలసార్లు పెట్టినా అంతకు మించి ఒరిగింది లేదు. కాసేపటికి కణాలు వినడం మానేస్తాయి, విశ్రాంతి ఇస్తే మళ్లీ వింటాయి. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చే మోత వాటికి పాతబడిపోతుంది, కొత్త దిక్కు నుంచి వస్తే ఉలిక్కిపడతాయి. చురుకు, విరామం, దిక్కుమార్పు: మంచి కోచ్ చేతిలో ఉండే పనిముట్లు ఇవే. నాకు నచ్చే సంగతేమిటంటే, ఈ మూడింటిలో బరువు అన్న మాటే లేదు. బరువు ముఖ్యం కాదని కాదు, దానికి ప్రత్యామ్నాయాలు వెతకడానికి ఇక్కడ కొంచెం సందు దొరుకుతుంది.

ఆ సందులోకి కొలను ఎలా దూరుతుందో చూద్దాం. మొదటి పనిముట్టు లోతు. 1987లో చేసిన కొలతల ప్రకారం, ఆడమనిషి మెడ దాకా నీళ్లలో ఉంటే పాదాల మీద పడేది ఒంటి బరువులో 8 శాతం. రొమ్ము ఎముక కింది కొస దాకా ఉంటే 28 శాతం. నడుము ఎముకల దాకా అయితే 47 శాతం. అరవై కిలోల ఆవిడ మెడ లోతులో అయిదు కిలోలే, రొమ్ము లోతులో పదిహేడు, నడుము లోతులో ఇరవై ఎనిమిది. మగవాళ్లకు రొమ్ము, నడుము గుర్తుల దగ్గర ఇంకాస్త ఎక్కువ పడుతుంది, ఆడవాళ్లలో కొవ్వు పాలు ఎక్కువ గనక నీళ్లు వాళ్లను ఎక్కువగా ఎత్తుతాయి. ఒక జానెడు అటూ ఇటూ జరిగితే మోత ఇంచుమించు రెట్టింపవుతుందన్న మాట. అందుకే అనుభవమున్న కోచ్ గోడ మీద రాసిన అడుగుల లెక్క చూడదు, ఒక్కొక్కరి రొమ్ము ఎముక కొస చూస్తుంది. కొలను అడుగు వాలుగా ఉంటుంది కదా, పొడుగువాళ్లు లోతు వైపు, పొట్టివాళ్లు గట్టు వైపు. వరస తీరుగా రాదు, ఏటవాలుగా వస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు అది క్రమశిక్షణ లేని బ్యాచ్‌లా కనబడొచ్చు.

లేడీస్ బ్యాచ్‌లలో మాట ఇలా నడుస్తుంది:

"ఆంటీ, మీరు ఇంక ముందుకు రావాలె. నీళ్లు గుండె కాడికే ఉండాలె, మెడ దాంక వద్దు."

"ఈడ్నే మంచిగున్నది బిడ్డా. తేలినట్టున్నది."

"తేలుడుకు గాదు ఆంటీ వచ్చింది. దుంకుడుకు వచ్చినం."

ఈ బేరంలో ఒక చమత్కారం ఉంది. ఈత నేర్చుకునేవాళ్లు లోతులేని చోట మొదలుపెట్టి లోతుకు వెళ్తారు. ఎముక కోసం నీళ్లలోకి దిగినవాళ్లు ఎదురు దారిలో నడుస్తారు. మొదటి వారాల్లో చంకల దాకా, నీళ్ల భయం పోయి మోకాలు సర్దుకున్నాక రొమ్ము దాకా, నెలలు గడిచి కండ పట్టు వచ్చాక నడుము దాకా. గట్టుకు ఎంత దగ్గరైతే అంత పైమెట్టు. డంబెల్ మార్చకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, రెండడుగులు పక్కకు జరిపి మోత పెంచే జిమ్ము ఇంకోటి నాకు తెలియదు.

రెండో పనిముట్టు వేగం. నీళ్లు గాలికంటే ఎనిమిది వందల రెట్లు చిక్కన. వాటిలో చెయ్యో కాలో కదిపితే ఎదురయ్యే నిరోధం వేగాన్ని బట్టి మామూలుగా పెరగదు, వేగానికి వర్గంగా పెరుగుతుంది. రెండింతలు వేగంగా కదిపితే నాలుగింతలు అడ్డుకుంటుంది, మూడింతలకు తొమ్మిదింతలు. మెల్లగా చేసినప్పుడు పట్టుబట్టలా దారిచ్చే నీళ్లే విసురుగా చేసేసరికి గట్టిపడతాయి. ఎవరి సత్తువను బట్టి వాళ్లకే అడ్డం తయారవుతుంది, డెబ్బై ఏళ్ల ఆవిడకు ఆమె సరిపడా, యాభై ఏళ్ల ఆవిడకు ఆమె సరిపడా. పైగా విసరడం ఆపిన క్షణాన అడ్డమూ ఆగిపోతుంది. చేతిలో ఇనుప డంబెల్ ఉంటే అలిసిపోయినా అది లాగుతూనే ఉంటుంది, నీళ్లు అలా కాదు. కీళ్లు అరిగినవాళ్లకు ఈ మర్యాద చాలా అవసరం.

దీన్ని ఇంకొంచెం సానబెట్టొచ్చు. అరచేతిని కత్తి అంచులా నిలిపి తిప్పితే నీళ్లు చీలిపోతాయి, బోర్లించి తోస్తే అడ్డుపడతాయి. వేళ్ల మధ్య పొర ఉన్న గ్లవ్స్ వేస్తే ఇంకా అడ్డం. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా ఒకే వైపు నడిస్తే కాసేపటికి కొలనులో నీళ్లన్నీ వాళ్లతోపాటే తిరగడం మొదలుపెడతాయి. అప్పుడు కోచ్ విజిలేసి "ఉల్టా" అంటుంది. ఇందాక తాము తిప్పిన నీళ్లే ఎదురు వస్తాయి. ఒక్క అడుగు వెయ్యడానికి తుంటి చుట్టూ ఉన్న కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకోవాలి. దిక్కుమార్పు ఇంతకంటే చవకగా దొరకదు.

ఫోమ్ డంబెల్స్ సంగతి మరీ తమాషా. నేల మీద డంబెల్ కిందికి లాగుతుంది, పైకెత్తడమే పని. ఫోమ్ డంబెల్ నీళ్లలో పైకి పోతానంటుంది, కిందికి తొక్కిపెట్టడమే పని. బరువు తలకిందులైంది. భుజాల వెనక, చంకల కింద, జబ్బల వెనక ఉండే కండరాలు, వంటింటి పనిలో పెద్దగా పని తగలనివి, ఇక్కడ మోత మోస్తాయి. ముంజేతి ఎముకకూ కొత్త దిక్కు నుంచి కబురు అందుతుంది. జారిపడి చెయ్యి ఆనించినప్పుడు విరిగేది అక్కడే, మణికట్టు పైన.

ఇక ముఖ్యమైన కీలు దగ్గరకు వద్దాం. ఒక చేత్తో కొలను కమ్మీ పట్టుకుని, ఒక కాలి మీద నిలబడి, రెండో కాలును మోకాలు వంచకుండా పక్కకు విసరాలి, వెంటనే అంతే జోరుగా దగ్గరకు లాగాలి. చూడటానికి ఏమంత గొప్పగా లేదు. కాలును పక్కకు తీసేది గ్లూటియస్ మీడియస్ అనే పిరుదు కండరం. అది తుంటి రెక్క నుంచి బయల్దేరి, స్నాయువుగా మారి, మనం ఇందాక చూసిన ట్రోకాంటర్ బుడిపెకు అతుక్కుంటుంది. కాలు నీళ్లను ఎంత జోరుగా తోస్తే స్నాయువు ఆ బుడిపెను అంత గట్టిగా గుంజుతుంది. నేల మీద ఇదే పని చేస్తే ఎత్తేటప్పుడు మాత్రమే కష్టం, దించేటప్పుడు కాలు తన బరువుకు తానే దిగుతుంది. నీళ్లలో పోవడానికీ రావడానికీ తొయ్యాల్సిందే. వచ్చేటప్పుడు తొడ లోపలి కండరాలు ఎముకను అవతలి వైపు గుంజుతాయి. నిలబడిన కాలికీ తీరికలేదు. కటి పక్కకు ఒరగకుండా పట్టుకోవడానికి దాని గ్లూటియస్ అదే పనిగా బిగిసి ఉంటుంది. మోకాళ్లు పైకి తెస్తూ మార్చింగ్ చేసేటప్పుడు పనిచేసే సోయాస్ కండరమైతే నడుము వెన్నుపూసల పక్క నుంచే పుట్టి తొడ ఎముక లోపలి చిన్న బుడిపె దాకా వస్తుంది. ఒక్క బిగింపుతో వెన్నుకూ తొడకూ కబురు.

ఇదీ ఈ వ్యాయామపు గుట్టు. నీళ్లు ఒంటి బరువును తీసేస్తాయి గాని కండరం గుంజుడును తియ్యలేవు, పైగా పెంచుతాయి. పాదం నుంచి రావలసిన కబురును పక్కదారిన, స్నాయువు మీదుగా ఎముకకు చేరవెయ్యడమే ఇందులో పనితనం.

గెంతులు కూడా ఉంటాయి. రొమ్ము లోతులో గెంతితే పాదం దిగేటప్పుడు తగిలే దెబ్బ నేల మీదకంటే మూడో వంతు నుంచి సగం దాకా తక్కువని యువ ఈతగాళ్ల మీద చేసిన కొలతల్లో తేలింది. సున్నా కాలేదు, అది గమనించాలి. నేల మీద గెంతలేని మోకాలికి సగం దెబ్బ వరం. పదేసి గెంతులు, ముందుకు, పక్కకు, మళ్లీ ముందుకు, మధ్యలో నెమ్మదిగా నడక. కోడి రెక్క చెప్పిన లెక్క ప్రకారం కొన్ని పదులు చాలు, వందలు అక్కర్లేదు.

ఇదంతా కాగితం మీద బాగుంది, ఎముక ఒప్పుకుందా? బ్రెజిల్‌లోని సావో పాలోలో లిండా మొరేరా బృందం ముట్లుడిగిన ఆడవాళ్లను వందమందికి పైగా తీసుకుని, కొందరిచేత 24 వారాలు జోరైన నీటి వ్యాయామం చేయించింది, మిగతావాళ్లను వాళ్ల మానాన వదిలేసింది. 2014లో ఫలితాలు వచ్చాయి. వ్యాయామం లేనివాళ్లకు ట్రోకాంటర్ దగ్గర 1.2 శాతం సాంద్రత పోయింది. నీళ్లలో దిగినవాళ్లకు పోలేదు. ఎముక కడుతున్నప్పుడు రక్తంలో కనిపించే గుర్తు వాళ్లలో పెరిగింది. తేడా సరిగ్గా ట్రోకాంటర్ దగ్గర బయటపడటం నాకు యాదృచ్ఛికం అనిపించదు. పిరుదు కండరం తాడు కట్టింది ఆ గుంజకే కదా! వాళ్లు అలా అన్నారని చెప్పడం లేదు, ఆ అమరిక చూసి నేను అనుకుంటున్నది.

అలాగని కొలనుకు లేని గొప్ప అంటగట్టకూడదు. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి ఆస్ట్రేలియాలోని బాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో లెక్కగట్టారు. ఏమీ చెయ్యకుండా కూర్చున్నవాళ్లకంటే నీళ్లలో చేసినవాళ్ల ఎముకలు మెరుగు, నేల మీద చేసినవాళ్ల ఎముకలు ఇంకా మెరుగు, ముఖ్యంగా వెన్నులో. ఆ దేశంలోనే గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎముక పలచబడిన ఆడవాళ్లచేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు నిజమైన పెద్ద బరువులు ఎత్తించి 2018లో చూపించారు: నడుము ఎముక సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది. పక్కన తెలిసినవాళ్లు నిలబడి నేర్పిస్తేనే సుమా, ఇంట్లో గ్యాస్ సిలిండరుతో మొదలుపెట్టేది కాదు. మోకాళ్లు ఒప్పుకునేవాళ్లు నేలను వదలకూడదు. ఒప్పుకోనివాళ్లకు కొలను. నా తీర్పు అదే.

సాంద్రతే సర్వస్వం కాదని చెప్పడానికి ఉప్పల్ నుంచి దూరం పోనక్కర్లేదు. నల్లగొండ జిల్లా నీళ్లలోని ఫ్లోరైడు గురించి తెలియనివాళ్లు ఇక్కడ తక్కువ. ఫ్లోరోసిస్ ముదిరిన వెన్నెముక ఎక్స్‌రేలో మామూలుకంటే దిట్టంగా, తెల్లగా కనబడుతుంది, మనిషి మాత్రం వంగిపోతాడు. అమెరికాలో మేయో క్లినిక్‌వాళ్లు ఎముక గుల్లబారిన ఆడవాళ్లకు ఫ్లోరైడునే మందుగా ఇచ్చి చూశారు. నాలుగేళ్లలో వెన్నులో సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం తగ్గలేదు, మిగతాచోట్ల విరగడం పెరిగింది. 1990లో ఆ ఫలితం వచ్చాక మందు మూలపడింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా యంత్రం ఎంత సున్నం ఉందో చెబుతుంది. కమ్మీల అల్లిక ఎంత నేర్పుగా ఉందో దానికి కనబడదు.

అదీగాక, తుంటి విరిగే ముందు మనిషి పడాలి. బాత్రూంలో జారి, గడప తట్టుకుని, రాత్రి లేచి చీకట్లో తడబడి. పడకుండా చూడగలిగితే పలచని ఎముకతో కూడా ఏళ్లు గడపొచ్చు. ఇక్కడ కొలను నేలను ఓడిస్తుంది. పక్కన గెంతేవాళ్ల అలలు నిలబడ్డావిడను ఊపుతూనే ఉంటాయి. ఊపిరితిత్తులున్న ఛాతీని నీళ్లు పైకి ఎత్తుతాయి, బరువంతా ఉన్న కటి కిందికి లాగుతుంది. ఆ రెండూ ఒకే నిలువు గీతలో ఉన్నంతసేపే నిలకడ, కొంచెం పక్కకు ఒరిగితే ఒళ్లు తిరగబడుతుంది. సర్దుకోవడం నేర్చుకోక తప్పదు. నేల మీద పడటానికి అరక్షణం కూడా పట్టదు, నీళ్లలో పడటం మెల్లగా జరుగుతుంది, కాలు ఎటు వెయ్యాలో ఒంటికి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. తప్పినా దెబ్బ లేదు. డెబ్బై ఏళ్ల ఆవిడ ధైర్యంగా తూలి చూడగలిగే చోటు ఇంకెక్కడుంది? మొరేరా బృందమే చేసిన ఇంకో లెక్కలో, నీళ్లలో చేసిన ఆడవాళ్లు పడిపోవడం బాగా తగ్గింది.

ముడిసరుకు మాట మళ్లీ ఒకసారి. సావో పాలో ఆడవాళ్లందరికీ కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఇచ్చాకే వ్యాయామం తేడా చూశారు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం ముట్లుడిగిన ఆడవాళ్లకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఆ సంస్థే 2017లో అచ్చువేసిన ఆహార పట్టికలో వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములని ఉంది. ఇక ఎండ: తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ముట్లుడిగిన ఆడవాళ్లను పరీక్షించి 2005లో ప్రచురించిన వివరాల్లో అయిదుగురిలో నలుగురికి విటమిన్ డి చాలినంత లేదు, అంత ఎండకాసే ఊళ్లో. కొలను మీద రేకు కప్పు ఉంటే ఆ లోటు కొలను తీర్చదు.

కొలను నుంచి బయటికి వచ్చే ఘట్టం మీద మంచి కోచ్‌లు చూపే శ్రద్ధ ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్లలో నాలుగడుగుల లోతున కాళ్ల మీద సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఉంటుంది, అది కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టి పెడుతుంది. ఒక్కసారిగా బయటికి వస్తే ఆ పట్టు వదిలిపోయి రక్తం కాళ్లలోకి దిగుతుంది, తల తిరుగుతుంది. అదే క్షణాన పదిహేడు కిలోలుగా ఉన్న ఒళ్లు మళ్లీ అరవై కిలోలవుతుంది. కింద తడి టైల్స్. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇంకా ప్రమాదం. అందుకే చివరి అయిదు నిమిషాలు గట్టు వైపు నెమ్మదిగా నడిపిస్తారు. నిచ్చెన ఎక్కనివ్వరు, మెట్లున్న వైపే పంపుతారు. ఒక్కో మెట్టు మీద కాసేపు ఆగమంటారు, రబ్బరు చెప్పులు చివరి మెట్టు దగ్గరే పెట్టిస్తారు. ఎముక కాపాడుకోవడానికి వచ్చి గట్టు మీద విరగ్గొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

డిసెంబరు, జనవరిల్లో మన వైపు వేడిచెయ్యని కొలనుల్లో ఎవరూ దిగరు. ఎముక మటుకు సెలవు తీసుకోదు, తవ్వేవాళ్లు తవ్వుతూనే ఉంటారు. ఆ నెలలకు నేల మీద పాఠం వేరే ఉండాలి. వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి మడమలు ఒక్క ఉదుటున దించడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఒంటికాలి మీద నిలబడటం. 2023 జూన్‌లో తెరిచిన ఉప్పల్ స్కైవాక్ కూడా పనికొస్తుంది. మోకాలికి ఎక్కడంకంటే దిగడమే ఎక్కువ బాధ గనక, ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు లిఫ్టు. ఇంతమాత్రం సాగించిన ఆవిడ మార్చిలో నీళ్లు వెచ్చబడి తిరిగి కొలనులో దిగినప్పుడు, మళ్లీ చంకల లోతు నుంచి మొదలుపెట్టక్కర్లేదు, నేరుగా రొమ్ము ఎముక కొస దగ్గర నిలబడొచ్చు.